తాడు లాగే వేషం

మన పెళ్ళిళ్ళలో ఒక సంగతి చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఏర్పాట్లన్నీ నెత్తిన వేసుకున్న మనిషి తాళి కట్టే వేళకి పందిట్లో ఉండడు. గాడిపొయ్యి దగ్గర పులుసులో ఉప్పు సంగతి చూస్తూనో, ఐసు ఇంకా రాలేదని ఫోనులో కేకలేస్తూనో ఉంటాడు. మేళం గట్టిగా మోగితే ‘ఓహో, అయిపోయింది’ అనుకుని ఉన్నచోటి నుంచే రెండు అక్షింతలు విసురుతాడు. పెళ్ళి ఎలా జరిగిందో తరవాత ఫొటోల్లో చూసుకుంటాడు. ఆ మనిషిని చూసి జాలిపడాలో, దేన్నుంచో తప్పించుకుంటున్నాడని అనుమానించాలో నాకు చాలాకాలం తేలలేదు. శ్యామ్ బాబుని ఎరిగాక కొంచెం తేలింది.

అతన్ని మొదట చూసింది బండారులంకలో. నాకక్కడ పనేం లేదు. ఆ మాటకొస్తే నాకు ఎక్కడా పనుండదు. బస్సు ఎక్కడికి వెళ్తే అక్కడికి నేనూ వెళ్తాను. మగ్గం చప్పుడు వినబడిన గుమ్మంలోకి తొంగి చూడడం పాత అలవాటు. లోపల ఇస్త్రీ చొక్కా టక్ చేసుకున్న మనిషొకాయన నేతగాడితో వాదిస్తున్నాడు.

“ఇంత నున్నగా వద్దండీ. కొంచెం గరుకుగా ఉండాలి. అక్కడక్కడ పోగు లావు సన్నం అవ్వాలి.”

“అంటే తప్పులు నెయ్యమంటారేంటండీ?”

“తప్పులని కాదండీ. పాతకాలం గుడ్డలా కనపడాలి.”

“తప్పులే కావాలంటే మా అబ్బాయి చేత నేయిస్తానండి. వాడికి బాగా వచ్చు.”

నేను నవ్వేను. టక్ చేసుకున్నాయన నా వైపు తిరిగి, కోపం తెచ్చుకోకుండా, “మీరైనా చెప్పండి బాబాయిగారూ, తొంభై ఏళ్ళ కిందటి పెళ్ళిలో మేనమామ ఈ మెరుపు పంచె కట్టి ఉంటాడంటారా?” అన్నాడు. ముక్కూ మొహం తెలియని వాణ్ణి అంత ముఖ్యమైన ప్రశ్న అడిగిన మనిషిని వదిలి ఎలా వెళ్తాం? ఇద్దరం కలిసే బయటికొచ్చి, అమలాపురం బస్టాండు పక్కన టీ తాగేం. అక్కడ తన సంగతి చెప్పేడు.

కొత్తపేట దాటాక కాలవగట్టు మీద ఒక ఊరు అతనిది. హైస్కూల్లో సోషల్ మాష్టారు. అతనూ, ఇంకొందరూ కలిసి ఏడాదికొక రోజు ఒక పని చేస్తారు. ఫ్లెక్సీలు వేసే కొట్టు బాబ్జీ, రిటైరైన హెడ్మాష్టారు గౌరీశంకరం గారు, ఎల్.ఐ.సి. వాళ్ళిద్దరు, అమలాపురం కాలేజీ లెక్చరర్లు, వాళ్ళ ఆడవాళ్ళు, అందరూ కలిసి పెళ్ళి పడవ నడుపుతారు. వంతెనలూ బస్సులూ లేని రోజుల్లో కోనసీమలో పెళ్ళివారు కాలవల మీద పడవలో తరలి వెళ్ళేవారు. వెదురు తడికలు వంచి పైకప్పు, కింద చాపలు, ముందు సన్నాయి, వెనక చుక్కాని. గాలి ఉంటే తెరచాప. గాలి లేకపోతే ఇద్దరు మనుషులు గట్టున నడుస్తూ తాడు కట్టి లాగేవారు. ఆ పడవని, ఆ రోజుని, మళ్ళీ నడపడం. లాకుల దగ్గర ఎక్కి కింది రేవులో దిగేదాకా ఎవరూ ఈ కాలం మాట మాట్లాడకూడదు, ఈ కాలం వస్తువు పట్టుకోకూడదు.

“నాటకమన్న మాట,” అన్నాను.

“కాదండీ. నాటకానికి చూసేవాళ్ళుండాలి. దీనికి అక్కర్లేదు. మనం అందులో ఉండాలి, అంతే.”

విదేశాల్లో ఇలాంటివాళ్ళు ఉన్నారని చదివేను. పాత యుద్ధాల సిపాయిల్లా ఉన్ని కోట్లు వేసుకుని, ఎండలో ఉత్తుత్తి తుపాకులు పేల్చుకుని, చచ్చిపోయినవాళ్ళు టీ వేళ దాకా గడ్డిలో కదలకుండా పడుకుంటారట. ఆ మాట చెబితే శ్యామ్ బాబు ముందుకు వంగి, “వాళ్ళ బొత్తాలు కొమ్ముతో చేసినవండీ. ప్లాస్టిక్కు ముట్టుకోరు,” అన్నాడు. చచ్చి పడుకున్నవాడికి ఎలా ఉంటుందన్నది నేను అడగబోయిన సంగతి. అతని మనసు బొత్తాల మీదుంది.

అప్పటినుంచి ఆ చుట్టుపక్కలకి వెళ్ళినప్పుడల్లా వాళ్ళింటికి వెళ్ళడం మొదలెట్టేను. కొంచెం కొంచెంగా కథంతా తెలిసింది.

మొదటిసారి సరదాకి చేసేరట. నైలాను తాడు. తాడు కూడా అలంకారమే, అసలు పడవని ముందు ఒక మోటారు పడవ లాగింది. బాబ్జీ చేతికి వాచీ. పెళ్ళికూతురి వేషం వేసిన లెక్చరరు గారి భార్య బుట్టలో ఫోను మోగి, ఆవిడ ఎత్తి, “కుక్కరు మూడు కూతలొచ్చాక కట్టెయ్యి” అని చెప్పింది. గట్టు మీద జనం పడీపడీ నవ్వేరు. మిగతా అందరూ కూడా నవ్వేరు. శ్యామ్ బాబు మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి ఏర్పాట్లన్నీ తానే పట్టుకున్నాడు.

రెండో ఏడు పీచు తాడు పేనించాలన్నాడు. కొబ్బరిపీచు మామూలుగా యంత్రంలో తీసినది కాదు, పాత పద్ధతిలో డొక్కలు నెలల తరబడి నీళ్ళలో నానేసి కొట్టి తీసినది. మంచి డొక్కలు వెతికి ఊరి చివర గుంటలో నానేయించేడు. అవి నానేయి. తాడు కూడా వచ్చింది, బ్రహ్మాండంగా. తాడు భుజాన వేసుకుని రేవుకి వెళ్ళేసరికి కాలవలో నీళ్ళు లేవు. ఏటా ఏప్రిల్ నెలలో కాలవలు కట్టేస్తారు కదా, మరమ్మతుల కోసం. గోదారి డెల్టాలో పుట్టి పెరిగిన వాళ్ళు, సగం మందికి పొలాలున్నవాళ్ళు, ఒక్కరికీ తట్టలేదు. పడవ బురదలో ఒరిగి పడుకుంది.

“తాడు నానడానికి నీళ్ళు చూసుకున్నాం గాని పడవ నడవడానికి నీళ్ళు చూసుకోలేదండీ,” అని బాబ్జీ ఇప్పటికీ ఊరంతా చెబుతాడు.

మూడోసారి నీళ్ళున్నాయి, తాడుంది, బట్టలున్నాయి. పడవ నడిచింది. కానీ శ్యామ్ బాబు అందులో లేడు. సన్నాయి ఆయన కళ్ళజోడు తీసెయ్యమంటే తాడనుకుని పాముని తొక్కుతాననేసరికి పాత ఫ్రేము కోసం కొత్తపేట పరిగెత్తేడు. తమలపాకులు మర్చిపోయేరని మళ్ళీ పరిగెత్తేడు. రోజంతా మోటారు సైకిలు మీద గట్టు వెంబడి ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉన్నాడు. తాడు లాగడానికి ఇద్దరు కూలీలని పెట్టేరు. గాడిపొయ్యి దగ్గర పెళ్ళి అన్నానే, అదే.

“ఇంతకీ మీ వేషం ఏమిటి?” అని ఒక సాయంకాలం అడిగేను.

“తాడు లాగేవాణ్ణండీ,” అన్నాడు, ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు చుట్టూ చూసి. “మా తాతయ్య సాలమోను ఈ కాలవ మీదే పడవలు లాగేడు. పొలం పనులున్నప్పుడు పొలం, లేనప్పుడు తాడు. మొదట్నుంచీ నాకు కావలసింది అదొక్కటే. ఆయన నడిచిన గట్టు మీద ఆయన లాగినట్టు ఒక్కసారి లాగాలని.”

“మరి లాగొచ్చు కదా?”

“పడవ సరిగ్గా ఉండాలి కదండీ ముందు.”

సరిగ్గా ఉండడమంటే ఏమిటో తేల్చవలసినవాడు నూకరాజు. పడవ అతనిదే. చిన్నప్పుడు తండ్రితో పాటు పెద్ద పడవల మీద పనిచేశాడు. ఇప్పుడు గడ్డీ కొబ్బరికాయలూ వేసుకుని తిరిగే చెక్క పడవల్లో ఆ చుట్టుపక్కల అదొక్కటే మిగిలింది. శ్యామ్ బాబు అతన్ని అడుగుతాడు, నూకరాజు చెబుతాడు. ఒకసారి తెరచాప తెల్లగా ఉండేదంటాడు. ఇంకోసారి కరక్కాయ రంగంటాడు. మనుషులకి మర్యాద ఎక్కువైన చోట ఇదొక చిక్కు. అడిగినవాడు ఏ జవాబు కోసం మొహం పెట్టేడో కనిపెట్టి అదే ఇస్తారు.

“తలపాగా ఎర్రగా ఉండేదా నూకరాజు గారూ?”

“ఆయ్. ఎర్రగానే ఉండేదండి.”

“తెల్లగా ఉండేదని కిందటి నెల అన్నారే?”

“ఆయ్. తెల్లగానూ ఉండేదండి.”

శ్యామ్ బాబు రెండూ కుట్టించేవాడు.

ఎక్కువ చదువుకున్నవాళ్ళలో ఈ జబ్బు నేను చాలా చోట్ల చూసేను. గ్రంథం రాయడానికి జీవితమంతా సామగ్రి పోగుచేసి, ఒక్క పేజీ రాయకుండా వెళ్ళిపోయిన పండితులు నాకిద్దరు తెలుసు. ఒకాయన ఇంట్లో కాగితాలు పరుపు కింద కూడా ఉండేవి. అది సోమరితనం కాదు, చచ్చేంత చాకిరీ. ఒక్క చాకిరీ తప్పించుకోడానికి తక్కిన చాకిరీలన్నీ చెయ్యడం. శ్యామ్ బాబు ఏ ఒక్కదాన్ని తప్పించుకుంటున్నాడో నాకు వాళ్ళమ్మని చూశాక గాని తెలీలేదు.

అమ్మాజీ గారు ఎలిమెంటరీ స్కూలు టీచరుగా చేసి రిటైరయ్యేరు. భర్తా టీచరే, పోయి చాలాకాలమైంది. పొడుగ్గా, నిటారుగా ఉంటారు. ఆవిడ వసారాలో కూర్చుంటే వీధిలో వెళ్ళేవాళ్ళు సైకిలు దిగి నమస్కారం పెట్టి వెళ్తారు. సగం మంది ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే. నేను వెళ్ళిన రోజు శ్యామ్ బాబు లోపల భార్య జెస్సీ గారితో పంచెల సంగతేదో మాట్లాడుతున్నాడు. అమ్మాజీ గారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి సూటిగా అడిగేరు.

“మీరు కూడా ఆ పడవాట మనిషేనా అండీ?”

“చూసేవాణ్ణండి. ఆడేవాణ్ణి కాదు.”

“అయితే చెప్పండి. రాజుల వేషం వేస్తే ముచ్చట. మంత్రుల వేషం వేస్తే ముచ్చట. కూలివాడి వేషంలో ముచ్చటేంటండీ?”

నా జవాబు కోసం ఆవిడ ఆగలేదు.

“మా మావగారు ఆ తాడు లాగేరు. పెళ్ళివారు లోపల కూర్చుని అరిసెలు తినేవారు. రేవొచ్చాక ఆకులో పెట్టి ఇంత గట్టు మీద పడేసేవారు. పడవెక్కమని ఒక్కరూ అనలేదు, ఆయనా అడగలేదు. పడవలో కాలు పెడితే చాపలు తీసి కడగాలి కదా మరి. ఆయన ఎందుకు లాగేరండీ? మా ఆయన లాగకూడదని. మా ఆయన చదివేరు. వీడు చదివేడు. ఇప్పుడు వీడు సరదాకి వెళ్ళి లాగుతాడంట. అదీ వాళ్ళ పెళ్ళి పడవే.”

లోపల మాటలు ఆగిపోయేయి. శ్యామ్ బాబు విన్నాడు. బయటికి రాలేదు. కాసేపటికి జెస్సీ గారే కాఫీ తెచ్చి, “రోజూ ఉన్న గొడవేనండీ, మీరు తాగండి,” అన్నారు.

ఆ సాయంకాలం కాలవగట్టు మీద నడుస్తుంటే నాకు ఎవరి వైపు న్యాయం ఉందో తెలీలేదు. తాత కష్టాన్ని ఒంటితో తెలుసుకోవాలన్నది మనవడి కోరిక. ఆ కష్టం తన ఇంటి మగాడి ఒంటి మీద మళ్ళీ పడకూడదన్నది ఆవిడ కోరిక. రెండూ ఆ తాత కోసమే. శ్యామ్ బాబు వాళ్ళమ్మకి ఎదురు చెప్పలేడు, కోరిక చంపుకోలేడు. అందుకని తెరచాపకి రంగు వెతుకుతున్నాడు. రంగు దొరికేదాకా ఎవరితోనూ ఏమీ తేల్చుకోనక్కర్లేదు.

ఈ ఏడు తేల్చుకోవలసి వచ్చింది. వేసంగిలో పడవ విప్పేస్తానని నూకరాజు కబురు పెట్టేడు. అడుగు చెక్కలు పుచ్చిపోయేయి, బాగు చేసే వడ్రంగులు లేరు. మంచి టేకు ఉన్నంత మేర తీసి కూతురి ఇంటికి తలుపులు చేయిస్తాడట. కాలవలు కట్టేసే తేదీ కూడా పేపర్లో వచ్చేసింది. ఈ నీళ్ళలో నడిస్తే నడిచినట్టు, లేకపోతే ఆ పడవ ఇక లేనట్టే.

బాబ్జీ కొట్టులో అందరూ చేరేరు. ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ మిషనులోంచి మెల్లగా దిగుతోంది. నేను స్టూలు మీద కూర్చున్నాను.

“రెండో శనివారం వెళ్ళిపోదాం,” అన్నాడు బాబ్జీ. “స్కూళ్ళు సెలవు. నీళ్ళుంటాయి.”

“తెరచాపకి ఇంకా రంగు వెయ్యలేదు బాబ్జీ.”

“ఇటో వంతెన, అటో వంతెన. మధ్యలో తెరచాప ఎత్తేలోపు దింపాలి. రంగెవడు చూస్తాడండీ?”

“మనం చూస్తాం.”

“కాలవ గుర్రపుడెక్కతో నిండిపోయింది. అది కూడా పాతకాలం డెక్కేనా అని అడుగుతారు మీరు.”

అందరూ నవ్వేరు. గౌరీశంకరం గారు కూడా. ఆయనది వేదం చెప్పుకున్న కుటుంబం. మూడుసార్లూ పెళ్ళికూతురి మేనమామ ఆయనే. పడవలో పెద్ద తలగడకి చేరబడి కూర్చోవడం ఆయనకి అన్నిటికంటే బాగా వచ్చిన వేషమని వాళ్ళావిడే అంటుంది. నవ్వు ఆగాక బాబ్జీ కొంచెం గొంతు తగ్గించేడు.

“ఏమనుకోకండి మాష్టారూ. నా వేషానికి జరీ కండువా కావాలి, హెడ్మాష్టారు గారికి పొన్నుకర్ర కావాలి. మీ వేషానికి ఏం కావాలండి? ఎగ్గట్టిన పంచె, తలకో గుడ్డ. చెప్పులు కూడా అక్కర్లేదు. దానికి ఇన్నేళ్ళు పట్టిందేంటండీ?”

ఫ్లెక్సీ మీద పుట్టినరోజు అబ్బాయి చెవుల దాకా దిగేడు. శ్యామ్ బాబు దానికేసే చూస్తూ, “సరే, శనివారం,” అన్నాడు.

ఇంటికి నేనూ వెళ్ళేను. వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళేను. అమ్మాజీ గారు వసారాలో చిక్కుడుకాయలు వలుస్తున్నారు. శ్యామ్ బాబు చెప్పులు కూడా విడవకుండా మెట్ల దగ్గరే నిలబడి చెప్పేడు.

“అమ్మా, శనివారం పడవ వెళ్తుంది. నేను లాగుతాను.”

ఆవిడ ఒక కాయ వలిచేరు. ఇంకోటి వలిచేరు.

“ఎవరెవరు కూర్చుంటారు?”

“హెడ్మాష్టారు గారు. బాబ్జీ. లెక్చరర్లూ వాళ్ళూ.”

“నువ్వు లాగుతావు.”

“లాగుతాను. నేను కూలికి లాగట్లేదమ్మా. ఎవరి కోసమూ లాగట్లేదు. ఆయన ఏం చేశాడో నాకు మాటల్లోనే తెలుసు. నీకూ మాటల్లోనే తెలుసు. ఒక్కసారి ఒంటికి తెలియాలి.”

“తెలిసి?”

“తెలిసి ఏమీ చెయ్యను. సోమవారం స్కూలుకి వెళ్తాను.”

జెస్సీ గారు గుమ్మంలో నిలబడి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వో ఏడుపో నాకు కనపడలేదు. అమ్మాజీ గారు చిక్కుడుకాయల చేట జెస్సీ గారికిచ్చి, లేచి లోపలికి వెళ్ళిపోయేరు. ఆ రాత్రి ఆవిడ భోజనానికి రాలేదని తరవాత విన్నాను.

శనివారం పొద్దున్నే లాకుల రేవులో అందరూ చేరేరు. ఆకు కదలడం లేదు; తెరచాప మడతపెట్టి పైకప్పు మీద పడేశారు, రంగు వెయ్యకుండానే. డెక్క ముందురోజే తీయించేరు. నాకు కూడా వేషం ఇచ్చేరు: పెళ్ళివారి దూరపు చుట్టం. నా పంచె, నా కండువా చూసి శ్యామ్ బాబు మార్చవలసిందేమీ లేదన్నాడు. ముసలివాడికి ఇదొక సుఖం, ఏ శతాబ్దంలోనైనా ఒకేలా ఉంటాడు.

శ్యామ్ బాబు గోచీ పోసి పంచె ఎగ్గట్టి, తెల్ల తలపాగా చుట్టి గట్టు మీద నిలబడ్డాడు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో చూసిన మనిషి. ఎండ తగలని ఛాతీ, భుజాలు పాలిపోయి ఉన్నాయి. గట్టు మీద వెళ్తున్న ఇద్దరు ఆడపిల్లలు, అతని స్కూలు పిల్లలే, సైకిళ్ళు ఆపి, “గుడ్ మార్నింగ్ సార్,” అన్నారు. అతను “గుడ్ మార్నింగ్” అని చెప్పి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక తాడు అందుకున్నాడు. రెండో తాడు పట్టడానికి నూకరాజు అల్లుడు వచ్చేడు.

అప్పుడొచ్చింది ఆటో. అందులోంచి అమ్మాజీ గారు దిగేరు. ఆదివారం చర్చికి కట్టుకునే తెల్ల పాలిస్టరు చీర, కళ్ళజోడు, వాచీ, చేతిలో హ్యాండ్‌బ్యాగు, కాళ్ళకి బెల్టు చెప్పులు. తిన్నగా రేవు మెట్లు దిగి, పడవ ముందు నిలబడి, కొడుకు వైపు తిరిగేరు.

“నువ్వు లాగుతానన్నావు కదా?”

“లాగుతానమ్మా.”

“అయితే నేను ఎక్కుతాను.”

పడవలో సిల్కు లాల్చీలూ, ముక్కున అడ్డబాసలూ, మెడలో కంటెలూ అన్నీ అలాగే ఉండిపోయేయి. శ్యామ్ బాబు ఆవిడ చీర చూసేడు, చెప్పులు చూసేడు. అతను ఏమాలోచిస్తున్నాడో నాకు తెలుస్తూనే ఉంది. చీర చిన్న తప్పు. తొంభై ఏళ్ళ కిందట సాలమోను కోడలు పెళ్ళివారి పడవలో చాప మీద కూర్చోవడం, అది అతను ఇన్నేళ్ళూ పోగులూ పీచులూ చూసి కట్టుకున్న ఆ రోజునే మార్చెయ్యడం. అలా జరగలేదు కనకనే కదా ఆవిడ ఇప్పుడు వచ్చింది. నిజంగా ఎలా జరిగిందో అలా చూపించాలంటే తల్లిని గట్టు మీద నిలబెట్టాలి.

“ఎక్కమ్మా,” అన్నాడు. “మెల్లగా. చెక్క జారుతుంది.”

ఆవిడ ఎక్కేరు. చెప్పులు విడవలేదు. లోపలంతా ఒకసారి చూసి, తలగడ ఉన్న చోటు దగ్గర ఆగేరు. గౌరీశంకరం గారు లేవబోతే పొన్నుకర్ర చాపలో ఇరుక్కుంది. దాన్ని లాక్కుని లేచి, జరిగి, తలగడ ఆవిడ వైపు తోసేరు. ఆయన కూడా వేషంలో ఉండాలో మానాలో తేలక ఒక క్షణం తడబడ్డారు. తరవాత వేషంలోంచే అడిగేరు.

“దయచెయ్యండి. తమరు మగపెళ్ళివారి తాలూకా, మా తాలూకా అండీ?”

“పడవ లాగేవాడి తాలూకా,” అన్నారు అమ్మాజీ గారు, కూర్చుంటూ.

బాబ్జీ అరిసెల పళ్ళెం తీసి ఆవిడ ముందు పెట్టేడు. ఆవిడ ఒకటి తీసుకుని, తినకుండా చేతిలో పట్టుకున్నారు.

పడవ కదిలింది. కదలడానికి ముందు చాలాసేపు కదల్లేదు. శ్యామ్ బాబు తాడు కొసకి కట్టిన వెదురుకర్ర ఛాతీకి అడ్డంగా పెట్టుకుని ముందుకు వంగేడు, తాడు బిగిసింది, అతని పాదాలు మట్టిలో జారేయి. నూకరాజు అల్లుడు అలవాటున్నవాడు, నవ్వుతూ ఏదో చెప్పేడు. ఇద్దరూ మళ్ళీ వంగేరు. నీళ్ళలో ఒక చిన్న చప్పుడు. రేవు మెట్లు వెనక్కి జరగడం మొదలెట్టేయి.

సన్నాయి కాసేపు వాయించి ఆపేసేరు. కుక్కర్ల సంగతులు ఎవరూ మాట్లాడలేదు. పడవ లోపల కూర్చున్నవాళ్ళకి బయట కనిపించేది తడిక కమాను లోంచి గట్టూ, గట్టు మీద వంగి నడుస్తున్న ఇద్దరు మనుషుల వీపులూ. మామూలుగా అయితే పెళ్ళివారు ఆ వీపులు చూసి ఉండరు, అరిసెలు చూసుకుని ఉంటారు. ఆ రోజు అప్పటికింకా ఎవరూ అరిసె నోట పెట్టలేదు. కొంచెం ఇబ్బందిగానే ఉంది. ఇబ్బందిగా ఉండడమే సరైన ఏర్పాటేమో.

ఎండెక్కింది. శ్యామ్ బాబు నడక మారింది. మొదట్లో చూసేవాళ్ళున్నట్టు నడిచేడు. తరవాత గట్టు మీద ముల్లూ గాజుపెంకూ చూసుకుంటూ నడిచేడు. తరవాత ఏమీ చూడకుండా నడిచేడు. కల్వర్టు దగ్గర గట్టు ఎత్తుగా ఉంటే నాలుగు కాళ్ళ మీద పాకినట్టు ఎక్కి దిగేడు. అమ్మాజీ గారు కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీసేరు.

“ఒరే శ్యామూ, ఆగు. మంచినీళ్ళు తాగు.”

అతను వెనక్కి తిరక్కుండానే చెప్పేడు. “లాగేవాడు మధ్యలో ఆగకూడదమ్మా.”

“ఆగమంటున్నది పడవలోవాళ్ళు. ఆగు.”

అతను ఆగేడు. కానీ పడవ ఆగదు కదా. అంత బరువూ ఒకసారి కదిలాక దానిపాటికది వస్తుంది. బిగిసి ఉన్న తాడు వదులై, వంగి, నీళ్ళలో పడింది. నూకరాజు చుక్కాని గట్టు వైపు తిప్పేడు. పడవ చప్పుడు లేకుండా ముందుకి జారుతూ శ్యామ్ బాబు నిలబడ్డ చోటికి వచ్చేసింది. అమ్మాజీ గారు పెళ్ళివారి ఇత్తడి చెంబు పట్టుకుని అంచు దాకా వచ్చి కూర్చున్నారు. ఆవిడ కూర్చున్న ఎత్తు, అతను నిలబడ్డ గట్టు ఎత్తు, దాదాపు ఒకటే అయ్యేయి. అతను పడవతో పాటు పక్కనే నడుస్తూ చెంబు అందుకున్నాడు. ఎత్తి తాగేడు. సగం ఛాతీ మీద పోయింది. ఛాతీ మీద కర్ర ఒరుసుకున్న చోట ఎర్రగా కమిలి ఉంది. ఆవిడ దానికేసి చూసేరు.

“బరువుందా?”

“ఉందమ్మా. నువ్వెక్కేక ఇంకొంచెం ఎక్కింది.”

ఆవిడ నవ్వలేదు. చెంబు తీసుకున్నారు.

“మీ తాత నాతో ఎప్పుడూ చెప్పలేదురా, బరువని,” అన్నారు. “గట్టు మీద గాలి బాగుంటుందనేవారు.”

అతను నీళ్ళలో పడ్డ తాడు పైకి లాగి, తడి తాడు భుజాన వేసుకుని, పడవని దాటి ముందుకి వెళ్ళేడు. నూకరాజు అల్లుడు బీడీ ఆర్పేసేడు. పడవలో అమ్మాజీ గారు తలగడ దగ్గరికి తిరిగి వెళ్ళకుండా అక్కడే, అంచునే కూర్చున్నారు. చేతిలో అరిసె విరిచి, ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. తాడు బిగిసింది.